81 గళ్ళ పట్టిక, దక్షిణాఫ్రికా కొండలు, నా మోకాళ్ళు

జీపీఎస్ పట్టుకుని దాచిన డబ్బాలు వెతికే ఆట జియోక్యాషింగ్, అది ఆడేవాళ్ళు నలుగురు కలిస్తే మొదట అడిగేది ఒకటే, నీ ఫైండ్స్ ఎన్ని, అంటే నీకు ఎన్ని డబ్బాలు దొరికాయి అని. పోయినేడు జర్మనీ నుంచి ప్రాజెక్టు పని మీద మా ఆఫీసుకి ఒకాయన వచ్చాడు, ఆయనకీ ఈ పిచ్చే ఉందని లంచ్ దగ్గర మాటల్లో తెలిసింది, తన నంబర్ చెప్పాడు, ఐదంకెలు. నాది కొన్ని వందలు. సరేలే అని నవ్వేసి ఊరుకున్నా. కానీ ఆయన నా స్టాట్స్ పేజీ ఫోన్‌లో కిందకీ పైకీ జరుపుతూ ఒకచోట ఆగిపోయి, "ఇదేంటి నీ టెర్రెయిన్ యావరేజ్ ఇంతుంది, నువ్వు తాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటావా ఏంటి" అన్నాడు. తాళ్ళు కాదు, గొలుసులు అన్నాను. ఆ గొలుసుల సంగతే రాస్తున్నా, దాంతోపాటు దక్షిణాఫ్రికాలో ఈ ఆట లెక్కలు వేరేగా ఎందుకుంటాయో కూడా.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా, తెలిసినవాళ్ళు కింద పేరాకి వెళ్ళిపోండి. ఎవరో ఒకరు ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు సైట్‌లో పెడతారు, మనం ఫోనో జీపీఎస్సో పట్టుకుని వెళ్ళి వెతికి, అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని ఎక్కడిదక్కడే పెట్టేసి రావాలి. అంతే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపిన తేడాని తీసేసింది, ఒకట్రెండు రోజుల్లోనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక ప్లాస్టిక్ బకెట్ దాచాడు, అందులో మిగతా సామానుతో పాటు బీన్స్ డబ్బా కూడా ఉంది. అక్కడ మొదలైంది ఇప్పుడు ప్రపంచమంతా పాకింది.

ప్రతి క్యాష్‌కీ, అంటే అలా దాచిన ప్రతి డబ్బాకీ, రెండు నంబర్లుంటాయి. డిఫికల్టీ అంటే డబ్బా కనిపెట్టడం ఎంత కష్టమో, టెర్రెయిన్ అంటే అక్కడిదాకా చేరడం ఎంత కష్టమో. రెండూ 1 నుంచి 5 దాకా, మధ్యలో అరలతో కలిపి తొమ్మిది మెట్లు. టెర్రెయిన్ 1 అంటే వీల్‌చెయిర్‌లో వెళ్ళగలగాలి, 5 అంటే పడవో తాళ్ళో స్కూబా సామానో ఏదో ఒకటి లేకుండా కుదరదు. తొమ్మిదిని తొమ్మిదితో గుణిస్తే 81. స్టాట్స్ పేజీలో ఆ 81 గళ్ళ పట్టిక ఉంటుంది, దొరికిన ప్రతి క్యాష్ ఒక గడిలో పడుతుంది, నిండిన గడికి రంగొస్తుంది, ఖాళీ గడి తెల్లగా మన వంకే చూస్తుంటుంది. ఈ రోగం అంతా ఆ తెల్ల గళ్ళతోనే.

ఇది కాక తేదీల పట్టిక ఒకటి, 366 గళ్ళు, ఫిబ్రవరి 29తో సహా. 2024లో ఆ రోజు గురువారం, మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య పక్కనున్న మాల్ పార్కింగ్‌కి పరిగెత్తి, సెక్యూరిటీ గార్డు వింతగా చూస్తుండగా ఇనుప రెయిలింగ్ కింద చెయ్యి పెట్టి అయస్కాంతం డబ్బా లాగి ఆ గడి నింపా, లేకపోతే మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి కదా. జాస్మర్ అని ఇంకోటి ఉంది, 2000 మే నుంచి ప్రతి నెలలో దాచిన క్యాష్ ఒక్కోటైనా దొరకాలి, మే 2000 గడి కోసం జనం పని గట్టుకుని అమెరికాలో కాన్సస్ దాకా వెళ్తారు, అక్కడ మింగో అనే క్యాష్ 2000 మే 11 నుంచీ ఉంది. నాకు అంత ఓపికా లేదు అంత డబ్బూ లేదు. ఈ పట్టికలన్నీ ప్రాజెక్ట్-జీసీ అనే సైట్ తయారుచేసి పెడుతుంది, పాతకాపులు ఇంకా జీసాక్ అనే విండోస్ ప్రోగ్రామే వాడతారు.

ఇప్పుడు అసలు విషయం. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు దూరం ఉండాలని రూలు. జర్మనీలో క్యాష్‌లు లక్షల్లో ఉన్నాయి, ఊరి చివర అడవి దారి పట్టుకుంటే ఒకదాని తర్వాత ఒకటి దొరుకుతూనే ఉంటాయి. అమెరికాలో నెవాడా ఎడారిలో ఈటీ హైవే అని ఉంది, రోడ్డు పొడవునా వేల డబ్బాలు, కారు ఆపడం, దిగడం, సంతకం, ఎక్కడం, ఒక్కరోజులో వందలకి వందలు కొట్టేస్తారు. ఇక్కడ దక్షిణాఫ్రికాలో అలా కాదు. దూరాలు ఎక్కువ, ఆడేవాళ్ళు తక్కువ, జోబర్గ్ (జొహానెస్‌బర్గ్) లాంటి ఊళ్ళో ప్రతి ఇంటికీ ఎత్తు గోడ, గోడ మీద కరెంటు తీగ, రోడ్డు పక్కన ఏదో వెతుకుతూ తచ్చాడే మనిషి కనిపిస్తే ప్రైవేటు సెక్యూరిటీ బండి వచ్చి పక్కన ఆగుతుంది, "ఏం పోగొట్టుకున్నారు సార్" అని మర్యాదగానే అడుగుతారనుకోండి, కానీ వాళ్ళకి జియోక్యాషింగ్ గురించి వివరించి చెప్పేసరికి చీకటి పడుతుంది. అందుకే ఇక్కడ సీరియస్‌గా ఆడేవాళ్ళకి చూపు కొండల మీదే ఉంటుంది. పొద్దంతా నడిస్తే ఒక్క డబ్బా, ఒక్క స్మైలీ, అంటే దొరికిందని సైట్‌లో పడే నవ్వు బొమ్మ. మాల్ పార్కింగ్‌లో ఐదు నిమిషాల్లో దొరికిన దానికీ అదే ఒక్క స్మైలీ. ఫైండ్ కౌంట్‌లో రెండిటికీ ఒకటే విలువ, అదే నాకు మింగుడుపడదు.

మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నాడు, గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, ఇక్కడ ఆఫ్రికాన్స్ వాళ్ళు పెద్దవాళ్ళని ఊమ్ అంటారు, మేమూ ఊమ్ అనే పిలుస్తాం. ఆయన దగ్గర ఎక్సెల్ షీట్ ఒకటుంది, అందులో ఏ సైటూ ఇవ్వని కాలమ్ ఉంటుంది, ఒక్కో స్మైలీకి ఎన్ని మీటర్లు ఎక్కాడు అని. ఎవరైనా తమ ఫైండ్స్ నంబర్ గొప్పగా చెప్పారనుకోండి, ఊమ్ ఏమీ అనడు, ఫోన్ తీసి ఆ షీట్ తెరిచి, ఎక్కిన మొత్తం మీటర్లని ఫైండ్స్‌తో భాగించి చూపిస్తాడు. వాళ్ళు ఇంక మాట్లాడరు. ఇంకొకడు డర్బన్ తమ్ముడు, మా టీమ్‌లోనే టెస్టింగ్ చేస్తాడు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళ సంతతి, వాళ్ళ ముత్తాతలది ఉత్తరాంధ్ర అని ఇంట్లో చెప్పుకుంటారట. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, కానీ నన్ను అన్నా అనే పిలుస్తాడు, వాళ్ళమ్మగారు పంపే మామిడికాయ పచ్చడి మా ఇంట్లో పచ్చడి కన్నా ఘాటుగా ఉంటుంది. ఈ ముగ్గురం ఒక జట్టు.

మొదట మగాలీస్‌బర్గ్. మిడ్‌రాండ్‌లో మా ఇంటి నుంచి గంటా గంటన్నర డ్రైవు, హార్ట్‌బీస్ట్‌పోర్ట్ డ్యామ్ దాటితే కనిపించే కొండల వరస. బయట్నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, పెద్ద ఎత్తు కూడా కాదు, లోపలికి దిగాక తెలుస్తుంది, తెల్లటి గట్టి రాయి, దాన్ని నీళ్ళు కోసుకుంటూ పోయిన సన్నటి లోయలు, వాటినే క్లూఫ్ అంటారు ఇక్కడ. కొన్ని క్లూఫ్‌లు మౌంటెన్ క్లబ్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా చేతిలో ఉన్నాయి, 1891లో పుట్టిన క్లబ్ అది, పర్మిట్ లేకుండా అడుగుపెట్టకూడదు, కొన్ని ప్రైవేటు పొలాలు, గేటు దగ్గర డబ్బు కట్టి వెళ్ళాలి. మేం వెళ్ళింది టెర్రెయిన్ 3.5 అని రాసున్న దానికి. 3.5 అంటే కాస్త నిటారు దారి, అక్కడక్కడా చేతులు వాడాలి అనుకుంటాం కదా. వెళ్ళి చూస్తే బండ మీద బండ, మధ్యలో నడుం లోతు నీళ్ళు, ఫోన్ నోట్లో పెట్టుకుని పాకాల్సిన చోటు కూడా ఉంది. డర్బన్ తమ్ముడు కింద నుంచి "అన్నా, ఇది 3.5 అయితే 5 ఎలా ఉంటుంది" అని అరుస్తున్నాడు.

రేటింగ్ వేసేది దాచినవాడే. ప్రశ్నలు అడిగి లెక్కకట్టే పద్ధతి ఒకటుంది గానీ జవాబులు చెప్పేది వాడే కదా, వాడి కాళ్ళ బలాన్ని బట్టి ఉంటుంది. పైగా ఆ నంబర్ దూరం చెప్తుంది, నిటారు చెప్తుంది, పక్కన ఎంత లోతు లోయ ఉందో చెప్పదు. రెండడుగుల వెడల్పు దారి చదునుగా ఉంటే నడక సులువే, కానీ కుడిచేతి పక్క రెండొందల మీటర్లు ఏమీ లేకపోతే అది వేరే సంగతి. ఇప్పుడు నేను టెర్రెయిన్ నంబర్ చూశాక తప్పకుండా పాత లాగ్స్, అంటే ముందు వెళ్ళినవాళ్ళు సైట్‌లో రాసినవి, చదువుతా, జనం ఎక్కడ వెనక్కి తిరిగారో, ఎందుకు తిరిగారో. దొరకలేదని రాసినవాళ్ళ లాగ్స్‌లోనే ఎక్కువ సమాచారం ఉంటుంది, దొరికినవాళ్ళు థ్యాంక్స్ అని ఒక్క ముక్క రాసి పోతారు.

క్లూఫ్‌లో ఇంకో తంటా జీపీఎస్. రెండు పక్కలా రాతి గోడలు, పైన ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది, శాటిలైట్ సిగ్నల్ నేరుగా రాకుండా గోడకి తగిలి తిరిగొస్తుంది, ఆ ఆలస్యాన్ని జీపీఎస్ దూరంగా లెక్కేస్తుంది, అంచేత బాణం గుర్తు ఇరవై మీటర్లు అటంటుంది, రెండడుగులు వేస్తే వెనక్కి అంటుంది. అలాంటప్పుడు ఊమ్ పద్ధతి, జీపీఎస్ జేబులో పెట్టేసి, "ఇక్కడ నేనైతే ఎక్కడ దాస్తాను" అని చుట్టూ చూడటం. రాళ్ళు వాటంతట అవి పేర్చుకోవు, చిన్న రాళ్ళు మూడు నాలుగు ఒక సందుకి అడ్డంగా వరసగా కనిపించాయంటే మనిషి చెయ్యి పడ్డట్టే. అలాగే దొరికింది. కానీ చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపాను, పై రాయి పక్కకి జరగ్గానే దాని అడుగున వేలంత తేలు, తోక లావుగా ముందరి డెక్కలు సన్నగా. తోక లావు డెక్కలు సన్నం అంటే దూరం జరగాలని ఊమ్ ముందే చెప్పి ఉన్నాడు. అది దాని తీరిక చూసుకుని వెళ్ళేదాకా ముగ్గురం నిలబడి బిస్కెట్లు తిన్నాం. ఇంటికెళ్ళాక కాళ్ళ మీద టిక్స్, అంటే గడ్డిలో ఉండే గోమారి పురుగులు, ఒక్కొక్కటీ వెతుక్కుని తీసుకోవాలి, వాటివల్ల ఇక్కడ జ్వరం వస్తుంది, ప్యాంటు సాక్సులోకి దోపుకుని నడిచేది అందుకే, చూడ్డానికి బాగోకపోయినా.

కేప్‌టౌన్ ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు టేబుల్ మౌంటెన్. దీని గురించి తక్కువే రాస్తా, అందరూ రాశారు. ప్లాటెక్లిప్ గోర్జ్ దారిలో ఎక్కాం, మూడు కిలోమీటర్లే, కానీ మొత్తం రాతి మెట్లు, అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి అర్థమవుతుంది, అదే పై దాకా ఆపకుండా ఉంటే ఎలా ఉంటుందో అది. ఎండ తప్పించుకోడానికి పొద్దెక్కకముందే బయల్దేరాలి. పైకెళ్ళాక చాలామంది కేబుల్ కార్ దగ్గర ఫోటోలు దిగి ఆగిపోతారు, మేం తూర్పుకి ఇంకో ముప్పావు గంట నడిచి మెక్లియర్స్ బీకన్ దాకా వెళ్ళాం, 1,086 మీటర్లు, కొండ మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు. అక్కడున్నది ఒక పెద్ద రాళ్ళ కుప్ప. 1844లో థామస్ మెక్లియర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు భూమి ఆకారాన్ని కొలిచే సర్వే కోసం కట్టించాడు. చేతిలో జీపీఎస్ పట్టుకుని ఆ రాళ్ళ పక్కన నిలబడితే నాకు భలే అనిపించింది, మనం ఆటకి వాడే అంకెల కోసం వాళ్ళు రాళ్ళు మోశారు. ఇంకో ముచ్చట, ఈ కొండ మీద హిమాలయన్ తార్ అనే కొండమేకలు తిరిగేవి, 1936లో కింద జూ నుంచి తప్పించుకున్న జంట సంతానం. మన దేశం జంతువు ఇక్కడిదాకా వచ్చి కాపురం పెట్టిందని డర్బన్ తమ్ముడికి చెప్తే, "మా తాతలు కూడా అంతే కదన్నా" అన్నాడు.

దిగేటప్పుడు కేబుల్ కార్‌లో హాయిగా పోదామనుకున్నాం, ఆగ్నేయపు గాలి మొదలై హూటర్ మోగింది, కార్ బంద్. కొండ మీద మబ్బు బట్ట పరిచినట్టు పడింది. మళ్ళీ ఆ మెట్లన్నీ కాళ్ళతోనే. మర్నాడు మీటింగ్‌లో కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక గొలుసులు. పట్టికలో డిఫికల్టీ 2, టెర్రెయిన్ 4.5 గడి నాకు ఎన్నాళ్ళగానో తెల్లగా ఉంది. ఊమ్ మ్యాప్ చూపించి ఒకే మాటన్నాడు, ఆంఫీథియేటర్ అని. డ్రేకెన్స్‌బర్గ్ కొండల్లో, లెసోతో దేశం సరిహద్దు దగ్గర, ఐదు కిలోమీటర్ల పొడవున నిట్టనిలువుగా నిలబడ్డ రాతి గోడ అది. ఆ గోడ అంచు మీంచే టుగేలా జలపాతం దూకుతుంది, ఐదు అంచెల్లో మొత్తం 948 మీటర్లు, ఏంజెల్ ఫాల్స్ తర్వాత ప్రపంచంలో ఇదే ఎత్తని లెక్క, కాదు ఇదే మొదటిదని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ 27 ఫ్రీడమ్ డే, మే 1 సెలవు, మధ్యలో రెండు రోజులు లీవు పెడితే పెద్ద వీకెండ్ అవుతుంది. ఇక్కడి ఎండాకాలంలో, అంటే డిసెంబర్ జనవరిలో, అయితే అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములూ పిడుగులూ, చలికాలంలో మంచు పడి నిచ్చెనలు గడ్డకడతాయి, ఏప్రిల్ చివర రెండిటికీ మధ్యలో ఉంటుంది.

రాత్రి ఎన్3 హైవే మీద హారిస్మిత్ దాకా వెళ్ళి పడుకున్నాం, తెల్లారగట్ల నాలుగింటికి లేచి పుతాడిచాబా మీదుగా సెంటినెల్ కార్ పార్క్. ఆఖర్న రోడ్డనేది లేదు, గుంతలు వాటి మధ్య రాళ్ళు, ఊమ్ బక్కీ, అంటే పికప్ ట్రక్కు, కాబట్టి సరిపోయింది, నా చిన్న కారు అయితే అక్కడే వదిలేసి రావాల్సిందే. గేటు దగ్గర డబ్బు కట్టి రిజిస్టర్‌లో ముగ్గురి పేర్లూ, ఎన్నింటికి వెళ్తున్నామో ఎన్నింటికి వస్తామో రాశాం. ఇది మాత్రం ఎవరూ ఎగ్గొట్టకండి, ఏదైనా అయితే మనల్ని వెతకడానికి వచ్చేవాళ్ళు మొదట చూసేది ఆ పుస్తకమే. బండి ఆపిన చోటే 2,500 మీటర్ల ఎత్తు. గడ్డి మీద తెల్లగా మంచు పొడి. డర్బన్ తమ్ముడు బీచ్‌లో వేసుకునే పల్చటి హుడీలో వచ్చి వణుకుతున్నాడు, ఊమ్ ఏమీ అనకుండా బక్కీ వెనక నుంచి పాత జాకెట్ తీసి వాడి మీదకి విసిరాడు.

దారి మొదట వంకర్లు తిరుగుతూ పైకెళ్ళి, తర్వాత సెంటినెల్ శిఖరం మొదట్లో దాని చుట్టూ తిరుగుతుంది. నడక కష్టమేం కాదు, ఎత్తు వల్ల ఊపిరి తొందరగా అయిపోతుంటుంది అంతే. జోబర్గ్‌లో ఉండేవాళ్ళం కాబట్టి, అక్కడే 1,700 మీటర్లు పైన, మాకు కొంచెం నయం, డర్బన్ నుంచి ముందు రోజే వచ్చిన తమ్ముడికి కాస్త తల తిరిగింది. రెండు గంటల నడక తర్వాత దారి ఒక రాతి గోడకి తగిలి ఆగిపోతుంది. అక్కడ వేలాడుతుంటాయి గొలుసు నిచ్చెనలు.

నిచ్చెన అంటే మన ఇంట్లో గోడకి ఆనించుకునేది అనుకోకండి. రెండు గొలుసుల మధ్య ఇనుప కడ్డీలు బిగించి పైనుంచి కిందకి వదిలేశారు. పక్కపక్కన రెండు, పైకెళ్ళాక ఇంకో విడత మళ్ళీ రెండు. పొద్దున్న ఆ ఇనుము ఎంత చల్లగా ఉందంటే గ్లవ్స్ లేకుండా పట్టుకున్న చెయ్యి కాసేపటికి మనది కాదనిపిస్తుంది. రాయి బయటకి పొడుచుకొచ్చిన చోట కడ్డీ రాతికి అతుక్కుపోయి ఉంటుంది, బూటు ముందు భాగం వేలెడు మాత్రమే పడుతుంది, అక్కడ మడమ కిందకి దించి, ఒంటిని రాయికి దగ్గరగా పెట్టుకుని, ఇంకో కడ్డీ కోసం చెయ్యి చాచాలి. రాయి లోపలికి పోయిన చోట దానికి వ్యతిరేకం, నిచ్చెన గాల్లో ఊగుతుంది, కాలు ముందుకి నెట్టుకుపోతుంది, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, బ్యాగు బరువు ఇంకా వెనక్కి లాగుతుంది. గొలుసు రాతికి తగిలినప్పుడల్లా చప్పుడు. ఊమ్ ముందెళ్ళాడు, ఒకే వేగం, ఆగడు, చూడడు. నేను మధ్య. సగంలో ఒకసారి కిందకి చూశా, తమ్ముడి తల కనిపించింది, వాడి తల పక్కన గడ్డి వాలు, ఆ వాలు తర్వాత మరి ఏమీ లేదు. ఇంక చూడలేదు. ముక్కు ముందున్న రాయిని చూస్తూ ఎక్కా, పసుపుపచ్చ నాచు, చిన్న పగులు, మళ్ళీ నాచు.

పైకెళ్ళాక ఒక్కసారిగా చదును. ఇంత భయపెట్టిన కొండ పైన ఫుట్‌బాల్ ఆడుకోవచ్చు. దూరంగా దుప్పట్లు కప్పుకున్న బసోతో తెగ కాపరులు, కుక్కలు, గొర్రెలు. టుగేలా నది అక్కడ ఎంతుందంటే ఒక గెంతు గెంతితే దాటచ్చు, ఆ పిల్ల కాలవే వంద గజాలు పోయి అంచు మీంచి పడిపోతుంది. బోర్లా పడుకుని తల మాత్రం బయటికి పెట్టి చూశాం, జలపాతం మొత్తం పైనుంచి కనబడదు, నీళ్ళు కిందకి పోయి గాలిలో పొగైపోతున్నాయి.

క్యాష్ అంచు దగ్గర కాదు, కొంచెం లోపలికి రాళ్ళ గుట్టలో. ఇక్కడ ఒక తమాషా ఉంది, అక్షాంశం దక్షిణం 28 డిగ్రీలు, రేఖాంశం తూర్పు 28 డిగ్రీలు, రెండూ ఒకటే అంకె, చేత్తో టైప్ చేసేవాళ్ళు ఏది ఎక్కడ కొడుతున్నారో రెండుసార్లు చూసుకోవాలి. నిమిషాల్లో మూడో దశాంశం ఒక అంకె మారితే రెండు మీటర్ల లోపే తేడా, కానీ ముందున్న నిమిషాలే తారుమారైతే ఎక్కడో ఉంటాం. పైన అడ్డం ఏమీ లేని ఆకాశం కదా, జీపీఎస్ మూడు మీటర్ల కచ్చితత్వం చూపించింది. డిఫికల్టీ 2 కాబట్టి వెతుకులాట పెద్దగా లేదు, తమ్ముడే చూశాడు, రాయి సందులో క్లిప్పుల మూత ప్లాస్టిక్ డబ్బా, పైన పాత టేపు ఎండకి పొట్టు లేస్తోంది. లోపల జిప్‌లాక్ కవర్లో పుస్తకం, ఒక పెన్సిల్ ముక్క, ఎవరో పెట్టిన ప్లాస్టిక్ ఖడ్గమృగం బొమ్మ. పుస్తకంలో ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జర్మన్, ఒక పేజీ మీద ఎవరిదో కాఫీ మరక. ఒకరు తారీఖు పక్కన "పొగమంచు, ఏమీ కనబడలేదు, మళ్ళీ రావాలి" అని రాసుకున్నారు. నేను పేరు తెలుగులో రాశా, పక్కన సైట్‌లో నేను వాడే పేరు కూడా రాశాననుకోండి, లేకపోతే దాచినాయన గుర్తుపట్టడు. తమ్ముడు తన పేరు కూడా తెలుగులో రాసిమ్మన్నాడు, అక్షరాలు చూసి అచ్చు దింపినట్టు వాడే మళ్ళీ పక్కన ఒకసారి రాసుకున్నాడు.

అక్కడే భోజనం, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, ఊమ్ తెచ్చిన బిల్టాంగ్, అంటే ఎండబెట్టిన మాంసం. ఊమ్ పులిహోరలో పల్లీలు ఏరుకుని తింటూ లెక్కర్ అన్నాడు, ఆఫ్రికాన్స్‌లో బాగుంది అని, ఇంకోసారి పెట్టించుకున్నాడు కూడా. పన్నెండు కాకముందే నటాల్ వైపు నుంచి మబ్బు గోడెక్కుతూ వచ్చింది, ఊమ్ లేచి బ్యాగు భుజాన వేసుకున్నాడు, ఇంకాసేపు కూర్చుందాం అనే ప్రశ్నే లేదు. దిగడం ఎక్కడం కన్నా కష్టం, ఎందుకంటే కాలు పెట్టబోయే కడ్డీ కనబడదు, బూటుతో తడుముకోవాలి, తగిలిందనుకుని బరువు వేసే ముందు ఇంకోసారి తడమాలి. పొగమంచులో పైనా కిందా రెండూ తెలుపే. ఒకందుకు మంచిదే, లోతు కనబడలేదు.

సాయంత్రం హారిస్మిత్ పెట్రోల్ బంకులో కాఫీ తాగుతూ లాగ్ చేశా, ఆ గడికి రంగొచ్చింది. నా స్టాట్స్‌లో అత్యంత ఎత్తైన ఫైండ్ కూడా మారింది. ఊమ్ తన షీట్‌లో మీటర్లు ఎక్కించుకున్నాడు.

దీని తర్వాత నా పట్టిక మొత్తం తీరిగ్గా చూసుకుంటే నవ్వొచ్చింది. కుడివైపు, అంటే టెర్రెయిన్ 3.5 నుంచి 4.5 దాకా, దాదాపు నిండిపోయింది. ఎడమవైపు టెర్రెయిన్ 1 వరసలో పైనుంచి కింద దాకా తెల్ల గళ్ళు. వీల్‌చెయిర్‌లో వెళ్ళగలిగే చోటుండి కనిపెట్టడం మాత్రం చాలా కష్టం అయ్యేవి, అంటే ఇంట్లో కూర్చుని విప్పాల్సిన పజిళ్ళు, గుప్తలిపులు, వాటి జోలికి నేను పోలేదు. ఆ జర్మన్ ఆయన పట్టిక అడిగి చూశా, ఆయనది ఎడమవైపు కిక్కిరిసి ఉంది, కుడివైపు ఖాళీ. ఫైండ్ కౌంట్ ఒక్కటే చూస్తే ఆయన నాకు అందనంత దూరంలో ఉన్నాడు, పట్టికలు పక్కపక్కన పెడితే ఇద్దరం వేరే వేరే ఆటలు ఆడుతున్నామని తెలుస్తుంది. అందుకే ఎవరైనా నంబర్ చెప్తే నేను ఇప్పుడు పట్టిక చూపించమంటా.

81 గళ్ళూ నింపినవాళ్ళకి మాత్రమే లాగ్ చేసే హక్కుండే ఛాలెంజ్ క్యాష్‌లు ఉంటాయి, మనం అర్హులమో కాదో చూపించే చెకర్ దానికి జతచేసి ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో కొత్త ఛాలెంజ్‌లు ఏడాది పాటు ఆపేసి, 2016లో మళ్ళీ అనుమతించినప్పుడు ఈ చెకర్ తప్పనిసరి చేశారు, అంతకుముందు అర్హత ఉందో లేదో చేత్తో లెక్క చూపించుకోవాల్సి వచ్చేదట, దాని మీద గొడవలు. నేను అప్పుడప్పుడు ఆ చెకర్‌లో నా పేరు కొట్టి చూస్తుంటా, ఎర్రగా కాదు అని వస్తుంది, అయినా కొడుతుంటా.

ఇప్పుడు నన్ను ఇబ్బంది పెడుతున్నది డిఫికల్టీ 5, టెర్రెయిన్ 1 గడి. ప్రిటోరియా వైపు ఒక పజిల్ క్యాష్ ఉంది, పేజీ నిండా అంకెలు తప్ప ఇంకేమీ లేవు, ఊమ్ చేతులెత్తేశాడు, తమ్ముడు ఆ పేజీని టెస్ట్ కేస్ అనుకుని బగ్ అని తేల్చేశాడు. జోబర్గ్, ప్రిటోరియా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి లెక్కల పజిళ్ళు విప్పే సరదా ఉంటే చెప్పండి, ఆదివారం మా ఇంట్లో భోజనం పెట్టి దాని ముందు కూర్చోబెడతా, దొరికితే డ్రైవింగ్ నాది. బదులుగా డ్రేకెన్స్‌బర్గ్ తీసుకెళ్ళమంటే తీసుకెళ్తా, బక్కీలో ఇంకొకరికి చోటుంది, గ్లవ్స్ మాత్రం మీవి మీరే తెచ్చుకోండి.